రెండు ఫాన్లూ లోపలికే

ఆదివారం పదింటికి అనకాపల్లి నుంచి బంగార్రాజు వస్తాడు. ఈలోగా కంప్యూటర్‌ను చల్లబరచాలి. ఆ పొద్దున గౌరీశంకర్ పెట్టుకున్న పని ఇదొక్కటే.

చోడవరంలో రేకుల కప్పు కింద అతనిదో గేముల సెంటరు. కార్ల పందెం గేములో అతని చెల్లెలు రేవతిని ఊళ్ళో ఓడించినవాళ్ళు లేరు. అనకాపల్లిలో సెంటరు నడిపే బంగార్రాజుకూ అక్కడ ఎదురులేదు. ఇద్దరికీ పోటీ కుదిరింది. గౌరీశంకర్ కంప్యూటర్ మీదే ఒకరి తరవాత ఒకరు పదేసి చుట్లు తిరగాలి. తక్కువ టైములో ముగించినవాళ్ళు గెలిచినట్టు. ఎవరి వంతులో మిషను ఆగినా చోడవరం ఓడినట్టేనని బంగార్రాజు ముందే ఒప్పించుకున్నాడు. అది వేడెక్కి ఆగిపోతోందన్న సంగతి అతని చెవిన పడింది.

గౌరీశంకర్ విశాఖపట్నం నుంచి రెండు చిన్న ఫాన్లు తెచ్చి, కేబినెట్‌కు ముందొకటి, వెనకొకటి బిగించాడు. లోపలికి ఎంత గాలి పోతే అంత చల్లదనం కదా అని రెండింటినీ లోపలికే తిప్పాడు. మిషను పది నిమిషాలకు ఆగింది.

అతను టీకి వెళ్ళగానే తల్లి అచ్చియ్యమ్మ వచ్చింది. చెరకు గానుగాడే రోజులు. బెల్లం పొయ్యిల మసి ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద వాలుతోంది. కేబినెట్ పక్కల కన్నాలు చూసి ఆమె ప్రాణం ఒప్పలేదు. మైదా జిగురు కాచి, పాత క్యాలెండరు చింపి, వంటింటి కిటికీకి అంటించినట్టే అంటించేసింది. ఈసారి ఏడు నిమిషాలకు ఆగింది.

గౌరీశంకర్ పక్కనున్న టైలరు దగ్గర్నుంచి టేబుల్ ఫాను తెచ్చి ఎదురుగా పెట్టాడు. లాభం లేకపోయింది. ఆఖరికి తడిగోనె కప్పాడు. నీళ్ళు కారి ప్లగ్గులోకి చేరాయి. వీధి మొత్తానికి కరెంటు పోయింది. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు వేసి, తిట్టాల్సినవన్నీ తిట్టి వెళ్ళాడు. అన్నాచెల్లెళ్ళు గోనె పిండుతూ ఉండగా బంగార్రాజు బస్సు దిగాడు.

"మిషన్‌కి తానం సేయిస్తన్నారా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అప్పుడే కేబినెట్ తుడుస్తున్న గౌరీశంకర్‌కు క్యాలెండరు కాగితాలు కనిపించాయి. తల్లి మీద విసుక్కుంటూ పీకబోయాడు.

"ఉంచరా," అన్నాడు మేనమామ పరదేశి. అచ్చియ్యమ్మకు తమ్ముడు, బెల్లం వండే మనిషి. మేనకోడలి ఆట చూద్దామని పొయ్యి దగ్గర నుంచి తిన్నగా వచ్చాడు. మిషను వేయించి, చుట్ట వెలిగించి ముందు ఫాను దగ్గర పట్టాడు. పొగ లోపలికి పోయింది. వెనక ఫాను దగ్గర పట్టాడు. అక్కడా లోపలికే పోయింది.

"ఒరే గౌరీ, రెండేపులా లోనికే ఊదుతన్నావు. మరి ఏడి ఎటెల్తాది?"

గౌరీశంకర్ వంగి వెనక ఫాను వంక చూశాడు.

"నా పొయ్యి ఇలాగ కడితే పాకం ఉడకదురా. నేనుడుకుతాను. ఎనక ఫాను తిప్పి బిగించు. అప్ప అంటించిన కాయితాలు పీకకు. పక్కన కన్నాలుంటే గాలి దారి తప్పుతాది. పొయ్యికైతే నేను మట్టెట్టి మూస్తాను, అది మైదాతో మూసింది. అంతే తేడా."

అచ్చియ్యమ్మ కొడుకు వంక చూసింది.

గౌరీశంకర్ వెనక ఫాను తిప్పి బిగించాడు. ముందు పీల్చిన పొగ వెనక నుంచి తిన్నగా బయటికి వచ్చింది.

బంగార్రాజు ముందు ఆడాడు. పది నిమిషాలు దాటాయి, మిషను ఆగలేదు. ఇప్పుడాగుతుంది, ఇంకాసేపట్లో ఆగుతుందని అతను తెరను వదిలి కేబినెట్‌నే చూడసాగాడు. ఆ చూపులోనే తొమ్మిదో చుట్టులో కారు గోడకు కొట్టింది. తరవాత రేవతి కూర్చుంది. కేబినెట్ వైపు ఒక్కసారీ చూడలేదు. పదకొండు సెకన్ల తేడాతో గెలిచింది. వీధి వీధంతా ఈల వేసింది. అందులో లైన్‌మన్ కూడా ఉన్నాడు.

బంగార్రాజు కేబినెట్ వెనక చెయ్యి పెట్టి చూశాడు.

"ఇంకా సెగ కొడతంది," అన్నాడు, ఏదో పట్టుకున్నట్టు.

"బయటికొచ్చీసిన ఏడి లోపల లేనట్టే బాబూ," అన్నాడు పరదేశి.

సోమవారం బంగార్రాజు మళ్ళీ బస్సు దిగాడు. ఈసారి రేవతి కోసం కాదు, పరదేశిని అనకాపల్లి తీసుకెళ్ళడానికి. చెరకు ఆడడం అయ్యేదాకా తనకు కంప్యూటర్లు చూసే తీరిక లేదని పరదేశి కబురంపాడు.