పరదేశపు ఫోనుకు పదకొండు సంతకాలు

మనిషి పుట్టుక దేవుడి చేతిలో ఉంటుంది. చావు డాక్టరు చేతిలో ఉంటుంది. బయటి దేశంలో కొన్న ఫోను మాత్రం పరదేశీ ఫోన్ల స్వదేశీకరణ విభాగం, మూడో అంతస్తు, నాలుగో కిటికీ చేతిలో ఉంటుంది. ఈ ముగ్గురిలో ఒంటిగంట నుంచి రెండున్నర దాకా భోజన విరామం ఉన్నది ఆ చివరివారికే.

నా పాత ఫోను నా ఇస్త్రీ దుకాణంలో, బట్టల మీద చల్లే నీళ్ళ గిన్నెలో పడి కాలం చేసింది. మా తమ్ముడి కూతురు ఓడల్లో చలిగదులు మరమ్మతు చేస్తుంది. ఆ కబురు విని, దిగిన రేవులోనే కొత్త ఫోను కొని సెలవులకు వస్తూ తెచ్చింది. "అత్తా, దీంట్లో అక్షరాలు బొటనవేలంత కనిపిస్తాయి. కళ్ళజోడు వెతుక్కోనక్కర్లేదు," అంది.

నాకు అక్షరాలు బొటనవేలంత కావాలి. కారణం మా అక్క. ముప్పై ఏళ్ళు మరమగ్గాల మధ్య నిలబడి, బట్టతో పాటు తన రెండు చెవులనూ మిల్లుకే ఇచ్చేసి ఇంటికి వచ్చింది. ఆమె ఉండే ఊరు ఇక్కడికి బస్సులో నాలుగు గంటలు. ఆమె చెవులు పోయాకే నేను అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటికి మా ఆయన పోయి రెండేళ్ళు, నాకు అరవై ఒకటి. సాయంత్రం బడిలో చేరాను. (మా పంతులమ్మ వయసు నా ఇస్త్రీపెట్టె వయసు కన్నా రెండేళ్ళు తక్కువ.)

రోజూ ఆరింటికి నేను అక్కకు రాస్తాను. ఆరుంపావుకు అక్క రాస్తుంది. ఏం కూర, మోకాలెలా ఉంది, ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారు, అంతే. ఎనిమిదింటి దాకా నా రాత రాకపోతే మర్నాడు మొదటి బస్సెక్కి నా దగ్గరకు రావాలని అక్క తనకు తానే ఒక నిబంధన పెట్టుకుంది. పాత ఫోను పోయిన మర్నాడు అలాగే బయలుదేరింది. బస్టాండు ముందు రోడ్డు దాటుతుంటే లారీ కొట్టిన హారను ఊరంతా విన్నది, అక్క తప్ప. ఆమె చీర అంచు మీద టైరు గుర్తు ఇంకా పోలేదు. రెండుసార్లు ఉతికి ఇస్త్రీ చేసింది నేనే.

కొత్త ఫోను రెండు రోజులు బుద్ధిగా పనిచేసింది. మూడో రోజు విభాగం వారి నుంచి సందేశం వచ్చింది. "మీ చేతిలో ఉన్నది మన దేశపు ఫోను కాదు. ఇరవై ఒక్క రోజులలో దీనిని హాజరుపరచి స్వదేశీ చేయించుకొనవలెను. లేనియెడల దీని నోరు మూయబడును. సిమ్ము తీసి వేరొక ఫోనులో వేసినచో పరారీగా పరిగణించబడును."

మేనకోడలిని వెంటబెట్టుకుని వెళ్ళాను. మూడో అంతస్తులో రెండు వరుసలు. ఒకదాని మీద "వ్రాయగలవారు" అని ఉంది, నలభై మంది ఉన్నారు. రెండోదాని మీద "వ్రాయలేనివారు" అని ఉంది, నలుగురున్నారు. ఆ రెండు పలకలనూ గట్టిగా, పైకి వినపడేలా చదివి, మొదటి వరుసలో నిలబడ్డాను. రెండో వరుసలోంచి ఒక లారీ డ్రైవరు పిలిచాడు.

"అమ్మా, ఇటు రండి. ఇక్కడ ఖాళీ."

"నాకు రాయడం వచ్చు నాయనా."

"నాకు మాత్రం రాదా? పన్నెండు దాకా చదివా. అదంతా ఇంటి దగ్గర. ఈ మెట్లెక్కితే నేను వేలిముద్రే." జేబులోంచి సొంత సిరా డబ్బా తీసి చూపించాడు.

"సిగ్గుగా లేదూ?"

"మొదటి ఫోనుకి సిగ్గేసిందమ్మా. ఇది మూడోది."

వ్రాయగలవారికి పదిహేడు పేజీల ఫారం ఇస్తారు. ఖాళీ వదిలితే చదువుకే అవమానమని మా పంతులమ్మ చెప్పింది కాబట్టి నేను ఒక్క గడీ కూడా వదల్లేదు. ఫోను ఈ దేశానికి ఏ పని మీద వచ్చినది? అక్కతో మాట్లాడడానికి. తిరిగి ఎప్పుడు వెళ్ళును? వెళ్ళదు. దరఖాస్తుదారుతో ఫోనుకు గల బంధుత్వం? నేను "మేనకోడలు కొన్నది" అని రాశాను. నాలుగో కిటికీలోని అధికారి దాన్ని కొట్టేశారు. "మేనకోడలు తెస్తే మీకు మనవరాలి వరస అవుతుంది," అని చెప్పి, ఎర్ర సిరాతో ఆయనే దిద్దారు. (ఆ రోజు నుంచి దుకాణంలో ఫోనుకు మెత్తటి గుడ్డ కప్పుతున్నాను.)

తరువాత ఆయన పద్దెనిమిదో నిబంధన చదివారు. పరదేశపు ఫోను తనను కొన్న చోట కనీసం అయిదు నిమిషాలు మాట్లాడి ఉండాలి. అక్కడ నోరు తెరవని ఫోనుకు ఇక్కడ నోరు తెరిచే హక్కు లేదు.

"మాట్లాడిందా?" అని అడిగారు.

"మాట్లాడిందండీ," అంది మేనకోడలు. "అమ్మినాయనే సైగలతో చెప్పాడు. అక్కడి సిమ్ము వేసి ఆయనతోనే మాట్లాడా."

"ఆయన భాష మీకొచ్చా?"

"రాదండీ."

"మీ భాష ఆయనకి?"

"రాదండీ."

"మరి అయిదు నిమిషాలు ఏం మాట్లాడారు?"

"ఆయన అంకెలు లెక్కపెట్టాడు. నేను పదమూడో ఎక్కం చెప్పా. టైము మిగిలితే మళ్ళీ చెప్పా."

అధికారి కలం దించారు. "పదమూడు తొమ్మిదులు?"

"నూట పదిహేడు."

ఆయన కాగితం మీద గుణించి చూసుకున్నారు. మరో రెండుసార్లు గుణించారు. ఆ తరువాత "సంభాషణ సంతృప్తికరం" అనే ముద్ర వేశారు. అలాంటి ముద్ర ఒకటి ముందే చేయించి పెట్టుకున్న కార్యాలయాన్ని ఎవరైనా గౌరవించక తప్పదు.

పది రోజులకు మళ్ళీ రమ్మన్నారు. ఆలోగా మేనకోడలు ఓడెక్కేసింది. నేనొక్కదాన్నే వెళ్ళాను. అధికారి నా పదిహేడు పేజీలనూ బల్ల మీద పరిచి, చేపలు బేరమాడేవాడిలా ఒక్కొక్కటీ ఎత్తి చూశారు.

"ఈ దరఖాస్తు మీద పదకొండు మంది ఆడవాళ్ళు సంతకాలు పెట్టారు," అన్నారు.

"అన్నీ నేనేనండీ. ముదిమిలో నేర్చుకున్న చెయ్యి. ఒక్కోసారి ఒక్కోలా పోతుంది."

"ఆ మాట పదకొండు మందీ చెప్పొచ్చమ్మా. అసలు దరఖాస్తుదారు మీలో ఎవరో తేలాలి. మిగతా పదిమందినీ గుర్తింపు కార్డులతో తీసుకురండి."

"ఎక్కణ్ణించి తేను బాబూ? నేను పుట్టినప్పటి నుంచీ ఒక్కదాన్నే."

"అయితే అందరి బదులూ మీరే ఒకలాగా పెట్టండి," అని, దయతలచి కొత్త ఫారం ఇచ్చారు.

ఆ వారమంతా దుకాణంలో బట్టలు చుట్టే పాత పేపర్ల మీద నా సంతకం సాధన చేశాను. చొక్కాలు తీసుకెళ్ళినవాళ్ళందరి ఇళ్ళకూ నా పేరు చేరింది. ఇరవై ఒకటో రోజు, మధ్యాహ్నం మూడున్నరకు, మళ్ళీ నాలుగో కిటికీ దగ్గరకు వెళ్ళాను. అధికారి చాలాసేపు లెక్కపెట్టారు.

"ఏడుగురు," అన్నారు. "ప్రగతి కనిపిస్తోంది. ఇంకో రెండు ఫారాలు నింపితే ఇద్దరికి దిగుతారు."

"గడువు ఇవాళే కదండీ?"

"నాలుగింటి దాకా ఉంది."

గోడ గడియారంలో నాలుగుకు ఇరవై నిమిషాలుంది. వెనక్కి తిరిగితే లారీ డ్రైవరు, నాలుగో ఫోనుతో. సిరా డబ్బా మూత తీసి నా ముందు పట్టుకున్నాడు.

అక్క చీర అంచు గుర్తొచ్చింది. వెళ్ళి రెండో వరుసలో నిలబడ్డాను. ఆ వరుస చివర అయిదో కిటికీ ఉంది. అందులోనూ ఆయనే ఉన్నారు. (కుర్చీకి చక్రాలున్నాయి. ఇటు నుంచి అటు తిప్పుకుంటారు.) నిమిషం క్రితం నేనిచ్చిన, నా చేత్తో రాసిన పదిహేడు పేజీలు ఆయన మోచేతి కింద అలాగే ఉన్నాయి.

"చదవడం, రాయడం వచ్చా?" అని అడిగారు, నన్ను కొత్తగా చూస్తూ.

"రాదు," అన్నాను. రెండే అక్షరాలు. రెండూ బడిలో మొదటి వారం నేర్చుకున్నవే.

బొటనవేలు అద్దాను. పన్నెండు నిమిషాల్లో నా ఫోను స్వదేశీ అయింది. "చూశారా, ఎంత తేలికో!" అన్నారు అధికారి. ఆ అనడంలో మోసం లేదు.

ఇంటికి వచ్చి, సబ్బుతో వేలు రుద్దుకుని, ఆరింటికి అక్కకు రాశాను. "ఇక భయం లేదు. పని అయింది. మోకాలెలా ఉంది?" ఆ రాత వెళ్ళలేదు. బదులుగా విభాగం వారి నుంచి ఒకటి వచ్చింది.

"శుభాకాంక్షలు. మీ ఫోను స్వదేశీ చేయబడినది. మీకు చదవను, వ్రాయను రాదని ధ్రువీకరించినందున, మీకు ఇబ్బంది కలగకుండా వ్రాత సందేశాల సౌకర్యమును మీ పేరిట రెండువైపులా తొలగించడమైనది. ఇకపై మాట మాత్రమే. అభ్యంతరమున్నచో పదిహేడు పేజీల ఫారము నింపి, అన్నిచోట్ల ఒకే విధముగా సంతకము చేయవలెను."

రెండుసార్లు చదివాను. ఎక్కడా ఒక్క తప్పు లేదు. అక్షరాలు కూడా బొటనవేలంత ఉన్నాయి.

పక్కింటావిడ ఫోను నుంచి పంపుదామంటే లాభం లేదు. తెలియని నంబరు నుంచి వచ్చిన సందేశం తెరవవద్దని ఎక్కడో గోడ మీద రాసి ఉంటే అక్క చదివింది. మా అక్క ఎవరు చెప్పినా వినదు కాని, చదివిన మాట మాత్రం జవదాటదు. పోనీ పొద్దున్నే నేనే అటు బయలుదేరుదామంటే, ఆమె ఎక్కే మొదటి బస్సూ నేనెక్కే మొదటి బస్సూ సగం దారిలో ఒకదాన్నొకటి దాటుకుంటాయి.

ఎనిమిది కావస్తుండగా అక్కకు ఫోను చేశాను. ఆగినప్పుడల్లా మళ్ళీ చేస్తూ, నిబంధన ప్రకారం పూర్తిగా అయిదు నిమిషాలు మోగనిచ్చాను. విభాగం వారి పనికి వంక పెట్టకూడదు. అవతల అక్క ఇంట్లో మోగుతున్న చప్పుడు, పక్క గదిలో మోగుతున్నంత స్పష్టంగా వినిపించింది.