పదకొండో వార్డు ఎర్ర బటన్

హరిణి పాత గేమ్‌ప్యాడ్ తీగలను చెక్కపెట్టెకు అతికించిన రోజు నుంచీ పదకొండో వార్డుకు మంచినీళ్ళు ఆమె ఎర్ర బటన్ నొక్కితేనే రాసాగాయి.

ఆమె ఉద్దేశం అది కాదు. పెళ్ళిలో వచ్చిన డ్రెస్సింగ్ టేబుల్‌ను విప్పి, ఆ చెక్కతో తనూ భర్త వంశీధరూ భుజం భుజం రాసుకుంటూ ఆడుకునే గేమ్ పెట్టె చేద్దామనుకుంది. ఎవరో వాడి వదిలేసిన గేమ్‌ప్యాడ్‌లు రెండు కొని, లోపలి బోర్డు మీద ఒక్కో మీట కిందా ఉండే లోహపు చుక్కకు సన్నటి తీగ అతికించి, పెట్టె మీది పెద్ద బటన్లకు కలిపింది. ఎర్రది నొక్కితే తెర మీది బొమ్మ ఎగరాలి. బొమ్మ కదల్లేదు, వంటింట్లో కుళాయిలోంచి నీళ్ళు పడ్డాయి.

"ఇవాళ మన వంతు కాదుగా," అన్నాడు వంశీధర్.

"వద్దంటే చెప్పు, ఆపేస్తా."

అంతవరకూ నీళ్ళు రోజు విడిచి రోజు, ఇద్దరూ ఆఫీసుల్లో ఉండే మధ్యాహ్నం రెండింటికి వచ్చేవి. ఇప్పుడు పొద్దున్నే ఏడింటికి, కాఫీ తాగుతూ, ఇద్దరి వేళ్ళూ ఒకే బటన్ మీద పెట్టి నొక్కేవారు. వార్డంతా బిందెలు నిండేవి. "మా ఇంటికి చుట్టాలొచ్చారమ్మాయ్, ఇంకో పావుగంట అలాగే నొక్కి పట్టుకో," అని ఎదురింటి కనకరత్నం గారు కబురు పెట్టేది.

పదో రోజున మున్సిపల్ ఇంజనీరు సత్యప్రసాద్ తనిఖీకి వచ్చాడు. హరిణి పెట్టె మీది జాయ్‌స్టిక్ పుల్లను ఎడమకు తిప్పితే ఆయన రెండడుగులు ఎడమకు జరిగాడు. రాస్తున్న రిపోర్టు మాత్రం ఆపలేదు. బటన్‌తో నీళ్ళు రావడంపై కార్యాలయానికి అభ్యంతరం లేదని, జనం నొక్కినప్పుడల్లా రావడంపైనే ఉందని అందులో రాశాడు. రాసి, ఎర్ర బటన్ తీగ కత్తిరించాడు.

"మరి నీళ్ళెలా వస్తాయండీ?"

"వచ్చినప్పుడు వస్తాయమ్మా. మీరు నొక్కడం మానకండి. చిన్నప్పుడు మా తమ్ముడికి తీగ తగిలించని గేమ్‌ప్యాడ్ ఇచ్చి పక్కన కూర్చోబెట్టేవాణ్ణి. రెండేళ్ళు ఆడాడు. చాలాసార్లు గెలిచాడు కూడా."

ఈ అనుభవాన్ని కార్యాలయం పథకంగా ఆమోదించింది. ఇంటికొక తీగలేని గేమ్‌ప్యాడ్ పంచారు. నీళ్ళు మళ్ళీ మధ్యాహ్నం రెండింటికే వస్తున్నాయి. ఆ సమయానికి నొక్కుతున్నవాళ్ళు తమవల్లే వచ్చాయంటున్నారు. రాని రోజున, కొత్త జంట శ్రద్ధగా నొక్కడం లేదని కనకరత్నం గారు దెప్పుతోంది. మాట పడలేక ఇద్దరూ మధ్యాహ్నాలు సెలవు పెడుతున్నారు.

"ఆ తీగ మళ్ళీ అతికించకూడదూ? నీకు ఐదు నిమిషాల పని," అన్నాడు వంశీధర్ ఒకరోజు.

"ఆ ఐదు నిమిషాలూ నొక్కడం ఆపాలిగా. సరిగ్గా అప్పుడే వస్తే?"

అతనికి అది సబబుగానే తోచింది. తన బటన్ ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

ఆ నెలాఖరున కార్యాలయం మనిషి ఇంటింటికీ వచ్చి, నొక్కినవాళ్ళందరికీ ఎడమ చూపుడువేలి గోరు మీద సిరా గీత పెట్టి వెళ్ళాడు. హరిణీ వంశీధరూ వేళ్ళు పక్కపక్కన పెట్టి, నవ్వుతూ ఫొటో తీసుకున్నారు. ఫొటో చాలా బాగా వచ్చింది. వెనక కుళాయి కింద ఖాళీ బిందె కూడా స్పష్టంగా పడింది.