గ్యారంటీ లేని జుట్టు

నాగరికత ఎక్కడ మొదలైందని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. అది ఎక్కడ పరిపూర్ణమైందో మాత్రం తేలిపోయింది. తిరువళ్ళూరులో, గోవిందస్వామి గారి ఇంట్లో, ఆయన కోడలు దేవకి తన మొగుడి దిండు మీద వెంట్రుకలు ఏరుతున్న చోట.

స్టవ్ మీద పాలు పొంగేలోపే ఈ పని సగం అయిపోతుంది. దిండును కిటికీ దగ్గరికి తెచ్చి వెలుతురులో వాల్చి పట్టుకోవాలి. పొట్టి వెంట్రుక కనిపిస్తే చిటికెన గోటితో తీసి మూత ఉన్న డబ్బాలో వెయ్యాలి. అది క్లినిక్‌కు చూపించవలసిన సాక్ష్యం. పొడుగు వెంట్రుక కనిపిస్తే అది దేవకిది. దాన్ని చెత్తబుట్టలో వెయ్యాలి. (కొంతకాలంగా పొడుగు వెంట్రుకలే ఎక్కువగా దొరుకుతున్నాయి. కాని అవి ఈ పథకం పరిధిలోకి రావు.)

పథకం ఎలా వచ్చిందో చెప్పాలి. దేవకి మొగుడు సుభాష్ ఆవడి దగ్గర ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆమెకు మేనత్త కొడుకే. ముప్ఫై దాటిన కొత్తలోనే అతని నుదురు వెనక్కి జరగడం మొదలుపెట్టి, నడినెత్తి దాకా పోయి ఆగింది. ఒక సాయంత్రం లోకల్ ట్రైనులో కాలేజీ పిల్ల ఒకతె లేచి నిలబడి, "ఉక్కారుంగ తాత్తా" అని, కూర్చోమని చోటిచ్చింది. సుభాష్ కూర్చోలేదు. తిరువళ్ళూరు దాకా నిలబడే వచ్చి, స్టేషను నుంచి ఇంటికి పోకుండా నేరుగా బజారులో స్వీటు షాపు మేడ మీదున్న జుట్టు నాటే క్లినిక్‌కు పోయాడు.

అక్కడ ఆనందరాజ్ అనే ఆయన ఉన్నాడు. ఆయన డాక్టరు కాడు. మెడలో వేలాడే కార్డు ప్రకారం పునరంకుర అధికారి. తల వెనకవైపు జుట్టు ఊడే రకం కాదనీ, అక్కణ్ణుంచి కుదుళ్ళు తీసి ముందువైపు నాటుతారనీ ఆయన ఇంటిల్లిపాదికీ విడమరిచి చెప్పాడు. దేవకి మామ గోవిందస్వామి పళ్ళిపట్టు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి కాబట్టి విషయం ఆయనకు వెంటనే అర్థమైంది.

"అంటే కొత్త పోస్టులు లేవు," అన్నాడు. "వెనక సెక్షన్లో ఉండే స్టాఫును ముందు సెక్షనుకు ట్రాన్స్‌ఫర్ చేస్తా ఉండారు."

ఆనందరాజ్ ఒప్పుకున్నాడు. ఆర్డర్లు అమలయ్యాయి.

అయితే బదిలీ మీద వచ్చిన సిబ్బంది చార్జి తీసుకున్న కొన్ని వారాలకే మూకుమ్మడిగా సెలవు మీద పోయారు. నాటిన జుట్టంతా రాలిపోయింది. క్లినిక్‌కు ఫోను చేస్తే అలా రాలడమే పద్ధతి అన్నారు. వెంట్రుక పోయినా కుదురు లోపలే ఉంటుందట, కొన్ని నెలలకు మళ్ళీ పైకి వస్తుందట, వచ్చినప్పుడు సన్నగా వచ్చి తర్వాత లావవుతుందట. మాట నిజమే. కాని దేవకి అత్త కన్నమ్మ పెళ్ళికి ముందు పొలంలో నాట్లు వేసిన మనిషి. వాడిపోయిన నారు మళ్ళీ లేవడం ఆమె చూడలేదు. అదే రోజు పెరట్లో తులసి దగ్గర నిలబడి, తిరుత్తణి మురుగుడి కొండ దిక్కుకు తిరిగి, కొడుకు తల నిండితే కొండకొచ్చి తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుంది. జుట్టు వస్తే ఆ జుట్టే ఇస్తానని చెప్పడంలో ఉన్న ఇబ్బంది ఆ క్షణాన ఆమెకు తట్టలేదు. ఇంట్లో ఎవరికీ తట్టలేదు. (తిరుత్తణి చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు ఏ కష్టమొచ్చినా మొదట గుర్తొచ్చేది గుండే.)

అలా ఒకే తల మీద రెండు శాఖలు పని మొదలుపెట్టాయి.

కొండ మీది శాఖ ఏమీ అడగలేదు. మేడ మీది శాఖ ఒక యాప్ ఇచ్చింది. గ్యారంటీ కావాలంటే, అంటే ఆఖరి తనిఖీలో జుట్టు పలచగా తేలితే నడినెత్తిన మళ్ళీ ఊరికే నాటిపెట్టాలంటే, రోజూ పొద్దున తలకు మందునీళ్ళు స్ప్రే చేసి ఫోటో పంపాలి. తన నడినెత్తి తనకు కనపడదు కాబట్టి ఫోటో తీయడానికి ఒక సంరక్షకురాలు ఉండాలి. పేరెవరిది రాసుకోవాలని ఆనందరాజ్ అడిగినప్పుడు ఇంట్లో అందరూ దేవకి వైపు చూశారు. అదే ఎన్నిక.

ముందు సంరక్షకురాలు తన ముఖం ఫోనుకు చూపాలి. యాప్ గుర్తుపట్టి నమస్కారం చెబుతుంది. తర్వాత ఫోను తిప్పి సుభాష్ తల చూపాలి. ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి. అతను స్టూలు మీద కదలకుండా కూర్చుంటాడు. ఆమె స్టూలు చుట్టూ తిరుగుతుంది. (చూసినవాళ్ళు ప్రదక్షిణం అనుకుంటారు. పెద్ద తేడా లేదు.) ఆదివారమని లేదు, జ్వరమని లేదు. పళ్ళిపట్టు దగ్గర ఊళ్ళో తమ్ముడి పెళ్ళి జరిగితే దేవకి ముహూర్తం వేళకు పోయి, తాంబూలం అందుకుని, మర్నాడు ఫోటో ఉందని సాయంత్రం బస్సుకే తిరిగొచ్చింది. వాళ్ళమ్మ కారణం అడిగింది. దేవకి చెప్పలేదు. చెప్పినా ఆమె నమ్మేది కాదు.

ఆ రోజుల్లోనే ఒక శుక్రవారం తలంటు పోసుకుని, తడిజుట్టుకు టవలు చుట్టుకుని ఫోనుకు ముఖం చూపింది. ఫోను నమస్కారం చెప్పలేదు. సంరక్షకురాలు మారినట్టుందనీ, గ్యారంటీ నిలిపివేశామనీ ఎర్రటి అక్షరాల్లో చెప్పింది. సుభాష్ స్టూలు మీంచి లేచిపోయాడు. కన్నమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. గోవిందస్వామి పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆనందరాజ్‌కు ఫోను చేసి స్పీకరులో పెట్టారు.

"కవల పడొద్దండి సార్, దిగులేమీ లేదు," అన్నాడు ఆనందరాజ్. "మా యాప్ కన్నూ ముక్కూ చూడదు. జుట్టు ఏడ మొదలవతాదో ఆ గీత చూసే మనిషిని గుర్తుపడతాది. జుట్టు కంపెనీ గదండీ. మేడమ్‌ను టవలు తీసి చూపమనండి."

సంరక్షకురాలిని మార్చుకోవచ్చా అని గోవిందస్వామి ముందుజాగ్రత్తగా అడిగాడు. మధ్యలో మారిస్తే గ్యారంటీ రద్దవుతుందని ఆనందరాజ్ అంతే మర్యాదగా చెప్పాడు.

దేవకి టవలు తీసింది. నీళ్ళు జాకెట్టు మీదికి కారుతుండగా ఫోను ఆమెను గుర్తుపట్టి నమస్కారం చెప్పింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇకమీదట ఫోటో అయ్యేదాకా తలకు టవలు చుట్టరాదని ఉత్తర్వు వచ్చింది. ఆ వారమంతా దేవకికి జలుబు చేసింది. జలుబు కూడా పథకం పరిధిలోకి రాదు.

కాలక్రమాన జుట్టు వచ్చింది. మొదట మొక్కజొన్న పీచులా, సన్నగా, వంకరగా, తనది కానట్టు వచ్చింది. తర్వాత నిటారుగా అయింది, ముదిరింది, చివరికి దువ్వెనకు అడ్డం పడేంత లావైంది. నడినెత్తిన మాత్రం ఇంకా కొంచెం నేల కనిపిస్తూ ఉంది. సుభాష్ ట్రైనులో నిలబడడం మానేశాడు. అంటే ఎవరూ చోటివ్వడం లేదు కాబట్టి తానే తోసుకుని కూర్చుంటున్నాడు.

ఘనత ఎవరిదన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. యాప్ తనదేనని రోజూ చెప్పుకుంది, రేటింగుకు ఐదు చుక్కలు వెయ్యమని అడిగింది. కన్నమ్మ మురుగుడిదేనంది, ఊళ్ళో అందరికీ చెప్పింది. స్ప్రే సీసా పట్టిన చెయ్యి గురించి ఏ శాఖా నివేదిక ఇవ్వలేదు. ఇంతలో కన్నమ్మకు కల్లో మురుగుడి నెమలి కనిపించింది. నెమలి ఏమీ అనలేదుగానీ, చూసిన చూపు మాత్రం బాకీ వసూలుకొచ్చినట్టే ఉందని ఆమె పొద్దున్నే ప్రకటించింది.

సుభాష్ తల మీద చెయ్యి వేసుకున్నాడు. కాపాడుకోవడానికి.

"ఇప్పుడు మొట్టై కొట్టిస్తే గ్యారంటీ పోతాది మా," అన్నాడు గుండు మాటెత్తిన తల్లితో. "ఫైనల్ చెకింగ్ అయ్యి, మళ్ళీ నాటింది మొలిచేదాకా కత్తి తగలరాదన్నారు. అంతదాకా జుట్టు నాది కాదు. తల ఒకటే నాది."

"మొక్కింది నీ తలకు గదరా."

"మొక్కేటప్పుడు నన్ను అడిగినావా?"

విషయం గోవిందస్వామి ముందుకు వెళ్ళింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీని ఫ్యాను కిందికి జరుపుకుని విచారణ చేపట్టాడు. అసలు మనిషికి వీలు లేనప్పుడు ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఆ మొక్కు తీర్చడం లోకంలో ఉన్నదే. ఆఫీసరు లీవులో ఉంటే ఇన్‌చార్జి సంతకం పెట్టడం లేదా? కాబట్టి ఇన్‌చార్జి తల ఎవరిదో తేలాలి. తన తలే ఇచ్చేవాడినని ఆయన నిండు మనసుతో అన్నాడు. కాని అక్కడ ఇవ్వడానికి ఏమీ లేదు. (ఆ తల పాతికేళ్ళుగా శూన్య నివేదికే పంపుతోంది.) కన్నమ్మ మొక్కుకున్న మనిషి. అర్జీదారే అధికారి కాకూడదు. పైగా ఆమెకు ఆయాసం, తలన చన్నీళ్ళు పడవు.

మిగిలింది ఒక్క తల. అందరూ మళ్ళీ దేవకి వైపు చూశారు.

"ఆడదాని జుట్టు అంటే దేవుడికి ఇంకా ఇష్టం," అంది కన్నమ్మ. కొంచెం మెల్లగానే అంది.

"నీది తొందరగా వచ్చేస్తాది దేవకీ," అన్నాడు సుభాష్. "నీ జుట్టుకు ఏమి రోగం?"

దేవకి జడ నడుము దాటి ఉంటుంది. మేనరికమైనా పద్ధతి కోసం జరిపిన పెళ్ళిచూపుల నాడు ఈ ఇంటివాళ్ళు ఆమెను చూసి నచ్చింది అన్న మాటకు ముందు, జడను చూసి నచ్చింది అన్నారు. ఈమధ్య దువ్వెనకు ఎక్కువగా వస్తోంది. ఆ మాట ఒకసారి సుభాష్‌తో అంటే, దిండు మీద తన వెంట్రుకలతో కలవకుండా చూసుకోమన్నాడు. అయినా ఇప్పటికీ పొద్దున తల దువ్వుకునే ఆ కాసేపే ఆ ఇంట్లో ఆమె చేతులు ఆమె తల మీద ఉండే సమయం.

ఆమెకు టవలు నాటి సంగతి గుర్తొచ్చింది. జుట్టు గీత చూసి మనిషిని గుర్తుపట్టే ఫోను. మధ్యలో మార్చడానికి వీల్లేని సంరక్షకురాలు. ఆ రోజు ఇంట్లో అందరూ విన్నారు. అందరూ మర్చిపోయారు, ఎందుకంటే అది సుభాష్ తల గురించి కాదు.

"మామా, ఒక మాట," అంది.

"సెలక్షను అయిపోయినాక అభ్యంతరాలు తీసుకోరమ్మా," అన్నాడు గోవిందస్వామి ప్రేమగా. "ముందే చెప్పాల."

దేవకి వంటింట్లోకి పోయి గిన్నెలు తోమింది. తోముతూ ఆలోచించింది. పోయి చెబితే వింటారు. వింటే జడ మిగులుతుంది. జడతో పాటు స్ప్రే సీసా కూడా మిగులుతుంది. ఆఖరి తనిఖీలో నడినెత్తి పలచగా తేలుతుంది, ఊరికే మళ్ళీ నాటుతారు, నాటింది మళ్ళీ రాలుతుంది, రాలింది మళ్ళీ మొలిచేదాకా దిండు, డబ్బా, స్టూలు, ప్రదక్షిణం. ఆమె ఆఖరి గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని బయటికొచ్చి, ఆదివారం పోతానంది. పిల్ల ఎంత బుద్ధిమంతురాలో అని కన్నమ్మ మురిసిపోయింది. ఆ రాత్రి వరకూ ఇంట్లో ఒక విధమైన పండగ వాతావరణం నెలకొంది.

ఆదివారం అందరూ కలిసి పోవాలనే అనుకున్నారు. పొద్దున లేచాక, కొత్త జుట్టుకు ఎండ తగలరాదని యాప్ హెచ్చరిక గుర్తొచ్చి సుభాష్ ఆగిపోయాడు. మోకాళ్ళు గుర్తొచ్చి కన్నమ్మ ఆగిపోయింది. వాళ్ళిద్దరినీ చూసుకోవడానికి గోవిందస్వామి ఆగిపోయాడు. ఇన్‌చార్జి ఒక్కతే పోతే చాలని తీర్మానమైంది. తిరుత్తణికి ట్రైను ఉంది, దిగితే ఆటో ఉంది, కొండ మీద ముఖం చూపమని ఎవరూ అడగరు, తల వంచితే చాలు.

దేవకి దిండు చూసింది. పొట్టివి డబ్బాలో వేసింది. ఫోనుకు ముఖం చూపితే ఫోను నమస్కారం చెప్పింది. సుభాష్ తలకు స్ప్రే కొట్టి, స్టూలు చుట్టూ తిరిగి, ఫోటోలు పంపింది. తర్వాత అద్దం ముందు నిలబడి జడ విప్పి నిదానంగా దువ్వి మళ్ళీ అల్లుకుంది. విప్పేయబోయే జడను ఎందుకు అల్లుతున్నావని ఎవరూ అడగలేదు. ఎవరూ చూడలేదు. కొబ్బరికాయ, పసుపు, చందనం సంచిలో పెట్టుకుంది.

సుభాష్ ఇప్పుడు అదే అద్దం ముందు నడినెత్తిని దువ్వెనతో కప్పుకుంటున్నాడు. అద్దంలోంచే ఆమెతో మాట్లాడాడు.

"రేపు ఫైనల్ చెకింగు. పొద్దున్నే ఫోటో పంపితేనే మళ్ళీ నాటేది. ఆ పొద్దు మాదిరి తలకు టవలు చుట్టుకోని నిలబడబాకు. దానికి నువ్వెవరో తెలవదు."

దేవకి జుట్టుకు ఇంతవరకు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేదు. కాబట్టి అది పెరుగుతుంది.

ఆమె దండెం మీంచి టవలు తీసి భుజాన వేసుకుంది. స్ప్రే సీసాను సుభాష్ చేతికి అందేటట్టు అద్దం ముందు పెట్టింది. చెప్పులు వేసుకుని గడప దాటి వెళ్ళిపోయింది.