వీర్రాజు పొట్టగారి అభ్యంతరం

రేవుపాలెం పట్టణంలో పిల్లలు ఎంత ఎత్తు ఎదగాలో ఇంటిపెద్ద పొట్ట నిర్ణయిస్తుంది. ఒకే రేషన్ కార్డు మీదున్న వాళ్లందరి పీయూష గ్రంథులూ ఆ పొట్టకే జవాబుదారీ. మెదడు కింద బఠాణీ గింజంత ఉండే ఈ గ్రంథి ఎదుగుదల హార్మోనును వదిలేముందు, పొట్టలోని కొవ్వు పంపే లెప్టిన్ అనే హార్మోను కబురు కోసం చూస్తుంది. నిల్వలు దండిగా ఉన్నాయని కబురొస్తే తలుపు మూసేస్తుంది. పద్ధతి పాతదే కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు.

సిమెంటు కొట్టు కోరసాల వీర్రాజుకు మాత్రం ఆ వేసవిలో కంగారు పట్టుకుంది. అతని ఒక్కగానొక్క కూతురు సింధూర వాలీబాల్ ఆడుతుంది. దసరా తర్వాత క్రీడా పాఠశాలకు ఎంపిక. ఆట బాగుంది కానీ ఎత్తు చాలదని కోచ్ ఎస్తేరు మేడం తేల్చి చెప్పింది.

"ఈ ఒక్క ఏడాదే నాన్నా. వయసు దాటితే తీసుకోరంట," అంది సింధూర. కూతురు అంతలా బతిమాలడం వీర్రాజు ఎప్పుడూ చూడలేదు.

మర్నాడే మున్సిపల్ ఆఫీసులోని ఎదుగుదల విభాగానికి వెళ్లాడు. కౌంటర్లో ఉన్నావిడ అతని ముఖం చూడలేదు.

"మీరు కాస్త వెనక్కుండండి. పొట్టగారిని ముందుకు రానివ్వండి."

వీర్రాజు నడుం వెనక్కి వంచి నిలబడ్డాడు.

"అమ్మాయి ఎదుగుదలకి మీ అభ్యంతరం ఏంటండీ?" అని ఆవిడ పొట్టను అడిగింది.

"అబ్బే, అభ్యంతరమని కాదండీ," అంది పొట్ట. గొంతు వీర్రాజుదే, మర్యాద మాత్రం ఎక్కువ. "ఇంట్లో అన్నీ నిండుగా ఉన్నాయండీ. ఉన్నది చాలినప్పుడు కొత్తగా ఎదగడం దేనికండీ? ఆయ్."

"నేను ఒప్పుకుంటున్నానండీ!" అన్నాడు వీర్రాజు.

"మీ ఒప్పుదలతో మాకు పనిలేదండీ. ఆయన తగ్గితే గ్రంథి దానంతటదే తెరుచుకుంటుంది. తర్వాత ఎవరండీ?"

ఆ పూట నుంచి వీర్రాజు నెయ్యి మానేశాడు, తీపి మానేశాడు, రాత్రి భోజనం మానేశాడు. పొట్ట ఊరుకోలేదు. బేరం మధ్యలో పూతరేకులు కావాలని మారాం చేసింది. పెళ్లి విందుల్లో నలుగురి ముందూ బతిమాలింది. చివరికి బెదిరింపులకు దిగింది.

"నేను పోతే ఈ ఊళ్లో మిమ్మల్నెవరు లెక్కచేస్తారండీ?"

వీర్రాజు పళ్లు బిగబట్టి మంచినీళ్లు తాగాడు. కొవ్వు కరిగేకొద్దీ కబుర్లు పలచబడ్డాయి. సింధూర గాఢనిద్రలో ఉన్నప్పుడు గ్రంథి తలుపు కొద్దికొద్దిగా తెరుచుకుంది. పిల్ల పాదాలు మంచం దాటి బయటికొచ్చాయి. వీర్రాజు భార్య సత్యవేణి కూతురి బట్టల అంచులు విప్పి కుట్టలేక సతమతమైంది. వీర్రాజు మురిసిపోయి, కొట్టుకొచ్చిన వాళ్లందరికీ కూతుర్ని పిలిచి చూపించాడు.

వానలు తగ్గుముఖం పట్టేసరికి సింధూర తండ్రిని దాటింది. ఒకరోజు సిమెంటు కోసం కొత్త మేస్త్రీ ఒకడు వచ్చాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న బక్కపలచటి మనిషిని చూసి, "యజమానిగారు లేరాండీ?" అని అడిగాడు. వీర్రాజు నోరు తెరిచేలోపే వెనక నించున్న సింధూరను చూసి, ఏ సిమెంటు తీసుకోమంటారని ఆమెనే అడిగాడు. ఆమె చక్కగా చెప్పి పంపింది.

"సరిగ్గానే చెప్పానా నాన్నా?" అంది నవ్వుతూ.

ఆ నవ్వు చూడటానికి వీర్రాజు తలెత్తాల్సి వచ్చింది. వదులైన చర్మపు మడతల్లోంచి, "నేను ముందే చెప్పానా లేదా అండీ," అని ఒక నీరసపు గొంతు వినిపించింది.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని, "నెయ్యి వెయ్యి," అన్నాడు వీర్రాజు.

సత్యవేణి చెయ్యి ఆగిపోయింది. "ఎంపిక ఇంకా అవలేదండీ. ఇంకొక్క వేలెడే కదా కావాల్సింది."

"ఆకలేస్తోందే."

ఆమె నెయ్యి గిన్నె వంచింది.

ఎంపిక నాడు సింధూర ఊపిరి బిగబట్టి కొలకర్రకు ఆనుకుని నిలబడింది. ఎస్తేరు మేడం తలమీదికి పలక దించి, కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూసింది. గోరంత తక్కువ.

"మొన్నటిదాకా బాగా ఎదిగింది కదండీ, ఏమైంది?" అని వీర్రాజును అడిగింది.

"నేనేం చెయ్యగలనండీ," అన్నాడు వీర్రాజు, చొక్కా గుండీల మధ్య నుంచి తొంగిచూస్తున్న పొట్ట మీద చెయ్యేసి. "ఈయన ఒప్పుకోలేదు."

వరసలో ఉన్న తండ్రులంతా తమ తమ పొట్టలు నిమురుకుంటూ సానుభూతిగా తలలూపారు. ఎవరో లేచి వీర్రాజు పొట్టకు కుర్చీ ఇచ్చారు.

ఇంటికొచ్చాక సింధూర ఏడవలేదు. కాళ్లు కడుక్కుని తండ్రి పక్కన కంచం పెట్టుకుంది.

"అమ్మా, నాకూ నెయ్యి వెయ్యి. ఇంకా... ఇంకొంచెం."

"ఇప్పుడెందుకే తల్లీ?"

"ఎప్పటికైనా నాకో ఇల్లుంటుంది, అందులో పిల్లలుంటారు," అంది సింధూర ముద్ద కలుపుతూ. "వాళ్లని ఎవరో ఒకరు ఆపాలి కదమ్మా."

"ఆయ్, ఇప్పుడు ఎదిగావమ్మా," అంది వీర్రాజు పొట్ట ఆప్యాయంగా. సత్యవేణి గిన్నె ఖాళీ అయ్యేదాకా వంచింది.