నలభై నిమిషాల అధికారి

చవక ధర గేమింగ్ కుర్చీ సుఖంలోనూ గట్టిదనంలోనూ పరీక్షకు నిలిచిందని సామాన్ల పరీక్షా కార్యాలయం వారు ఏకగ్రీవంగా ధ్రువీకరించారు. ధ్రువపత్రం మీద పన్నెండు సంతకాలున్నాయి. వాటిలో పదకొండు సంతకాల తాలూకు పెద్దలందరూ కలిసి ఆ కుర్చీలో కూర్చున్న సమయం పదిహేడు నిమిషాలు. అందులో పన్నెండు నిమిషాలు ఒక్కరే కూర్చున్నారు, అదీ ఉపన్యాసం ఇవ్వడానికి. మిగిలిన ఆ ఒక్క సంతకం గురించే ఈ కథ.

ఆ కార్యాలయంలో కూర్చునే వస్తువులకు ఒక విభాగం ఉంది. అందులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న పరీక్షకుణ్ణి అందరూ నడుముగారు అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది గానీ, కొత్త పట్టీ రాసిన గుమాస్తా అక్కడ కూడా నడుముగారు అనే రాశాడు. ఆయన నడుము అలాంటిది. స్టూలుకు ఒక కాలు గోరంత పొట్టిగా ఉంటే, కొలిచే టేపు జేబులోంచి బయటికి వచ్చేలోపే ఆ నడుము కనిపెట్టేస్తుంది. చుట్టాల్లో ఎవరు ఏం కొనాలన్నా ముందు ఆయనకే ఫోను చేస్తారు. మీ ఆఫీసు ముద్ర పడిందా అని ఎవరూ అడగరు. "నీ నడుమేమంటోంది?" అని అడుగుతారు. ఆయన ఉన్నదున్నట్టు చెబుతారు. అందుకే ఆ వంశంలో కుర్చీ విరిగి కింద పడ్డవాళ్లు ఇంతవరకూ లేరు.

ఇంత నడుము ఉన్న మనిషికి ఆఫీసులో కూర్చోవడానికి ఇచ్చింది స్టూలు. ఇందులో అవమానమేమీ లేదు, ఆసన నియమావళి అలా ఉంది. వీపు ఆనించుకునే వీలు లేనిది పరీక్షకుడికి. వీపు ఉన్నది గుమాస్తాకి. చేతులు కూడా ఉన్నది సెక్షను అధికారికి, చక్రాలున్నది మేనేజరుకి. తల ఆనించుకునేది మాత్రం పెద్ద మేనేజరుకే. తల ఆనించుకుని ఆలోచించవలసిన అవసరం ఆయనకు తప్ప మరొకరికి రాదని పెద్దలు ఏనాడో తేల్చేశారు.

పరీక్షకు కూడా ఇదే పద్ధతి. ఎవరి హోదాకు తగిన ఆసనాన్ని వారే కూర్చుని పరీక్షించాలి. నడుముగారు పరీక్షించిన స్టూళ్లు తాతల నుంచి మనవలకు సంక్రమిస్తున్నాయి. కుర్చీల సంగతి వేరు. అధికారి కూర్చుంటాడు, బాగుందంటాడు, లేస్తాడు. తాను కూర్చున్న కుర్చీ బాగాలేదని ఏ అధికారీ ఇంతవరకూ రాసిన దాఖలా లేదు. రాస్తే, "అయితే దిగండి" అంటారేమోనని భయం.

ఇలా సజావుగా సాగిపోతున్న ఆఫీసులోకి గేమింగ్ కుర్చీ వచ్చింది. గంటల తరబడి కంప్యూటరు ముందు ఆటలాడే కుర్రకారు కోసం, అందరికీ అందుబాటు ధరలో చేశామని తయారీదారులు రాసి పంపారు. ఎరుపూ నలుపూ కలిసిన తోలులాంటి గుడ్డ, ఐదు చక్రాలు, పైకీ కిందికీ జరిగే చేతులు, నడుముకొక దిండు, మెడకొక దిండు. ఒక మీట లాగితే కాళ్లు చాపుకునే పలక కూడా బయటికి వస్తుంది. గుమాస్తా దాని ఎత్తు కొలిచాడు. మళ్లీ కొలిచాడు. మూడోసారి కొలవకుండా టేపు చుట్టేసి సెక్షను అధికారి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి చెప్పాడు. అది పెద్ద మేనేజరుగారి కుర్చీ కంటే నాలుగు వేళ్లు ఎత్తు.

దాని మీద మూడు సమావేశాలు జరిగాయి. పరీక్షకు ముందు తలవైపు నాలుగు వేళ్లు కోసేస్తే ఎలా ఉంటుందని ఒకరు సూచించారు. కాళ్ల పలకకు ఏ హోదా వర్తిస్తుందో నియమావళిలో లేదు గనుక దాన్ని మేకులు కొట్టి మూసెయ్యాలని మరొకరన్నారు. చివరికి పెద్ద మేనేజరుగారి కుర్చీ కింద నాలుగు వేళ్ల మందాన చెక్క దిమ్మలు పెట్టించి, కొత్త కుర్చీని ఆయనా, అధికారి హోదా ఉన్న మిగతావారూ పరీక్షించాలని తీర్మానించారు. ఆ మధ్యాహ్నం నుంచి పెద్ద మేనేజరుగారి కాళ్లు నేలకు అందడం లేదు. దాన్ని ఆయన పట్టించుకోలేదు.

నడుముగారు మాత్రం ఈ కుర్చీని పట్టించుకోక తప్పలేదు. కారణం ఆయన కూతురు. ఆ అమ్మాయి పోటీల్లో ఆటలాడుతుంది, ఆడటం నేర్పుతుంది, ఆమె ఆడుతుంటే చూసేవాళ్లు వేలల్లో ఉన్నారు. అదే ఆమె ఉద్యోగం. రోజుకు పది గంటలు వంటింటి చెక్క కుర్చీలో, దిండొకటి తాడుతో కట్టుకుని కూర్చుంటుంది. కిందటి నెల పెద్ద పోటీ మధ్యలో నడుం పట్టేసి నేల మీద వాలిపోయింది. కుర్చీ అయినా మార్చాలి, పని అయినా మార్చాలి అన్నాడు డాక్టరు. పరీక్ష పూర్తయ్యాక మొదటి పది కుర్చీలు సిబ్బంది కుటుంబాలకిస్తారని తెలిసి, ఆ జాబితాలో మొదట తన పేరే రాయించుకుంది.

"నాన్నా, ఆ కుర్చీలో నువ్వు కూర్చుని చూశావా?" అని అడిగింది.

అది తన హోదాకు మించిన ఆసనమని, పెద్దవాళ్లు చూస్తారని నడుముగారు ఓపికగా వివరించారు.

"రూల్స్ ఎవరడిగారు నాన్నా? నీ నడుమేమంటుందో చెప్పు చాలు. నాకింకే ముద్రా అక్కర్లేదు."

చుట్టాలందరికీ నిజం చెప్పిన నడుము, కడుపున పుట్టిన పిల్ల అడిగేసరికి మూగబోయింది.

సుఖ పరీక్ష శుక్రవారం జరిగింది. కుర్చీకి చుట్టిన ప్లాస్టిక్ తొడుగు తియ్యలేదు. తీస్తే అది వాడిన వస్తువవుతుంది, వాడిన వస్తువును స్టోరువాళ్లు వెనక్కి తీసుకోరు. చెక్క వేదిక మీద కుర్చీని వీలైనంత ఎత్తుకు లేపి పెట్టారు. మిగతా అధికారులు తలా అర నిమిషం కూర్చుని, వినయంగా దిగిపోయారు. తరువాత పెద్ద మేనేజరుగారు ఎక్కారు. ప్లాస్టిక్ మీద జారిపోతూ కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నారు. గుమాస్తా "పట్టు బాగున్నది" అని రాసుకున్నాడు.

"సామాన్యుడు కూడా రాజాలా కూర్చోవాలన్నదే మన ఆశయం," అని పెద్ద మేనేజరుగారు ప్రారంభించారు. "కూర్చున్నవాడి ఎత్తును బట్టే ఒక సమాజం ఎత్తు తెలుస్తుంది."

తలుపు దగ్గర నిలబడ్డ నడుముగారికి సన్నగా బుస్సుమనే చప్పుడు వినబడింది. కుర్చీ కిందికి దిగడం మొదలుపెట్టింది.

పెద్ద మేనేజరుగారు కూర్చుని ఉండగా ఆయన తల కంటే ఎత్తులో మరో తల ఉండకూడదని రాతపూర్వకమైన నియమం ఏదీ లేదు. రాయవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. కుర్చీ ఒక వేలు దిగితే అధికారులు ఒక వేలు వంగారు. జానెడు దిగితే జానెడు వంగారు. తన మాటలకే ఇందరు తల వంచుతున్నారని పెద్ద మేనేజరుగారికి ఉత్సాహం వచ్చి ఉపన్యాసం మరి కాస్త పెంచారు. పన్నెండో నిమిషానికి ఆయన మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. అధికారులందరూ గొంతుక్కూర్చుని, కీళ్లు పట్టేసినా చిరునవ్వు చెదరకుండా వింటున్నారు. నివేదికలో "ఎత్తు సర్దుబాటు తనంతట తానే జరుగును, సభా మర్యాదకు మిక్కిలి అనుకూలం" అని నమోదైంది.

ఇక గట్టిదనం పరీక్ష. నూరు కిలోల ఇసుక బస్తాను యంత్రంతో లక్షసార్లు కుర్చీ మీద పడేయాలి. యంత్రం పాడై నాలుగేళ్లయింది. బస్తా మాత్రం వృథాగా లేదు, పెద్ద మేనేజరుగారి గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారు. కదిలిస్తే తలుపు మూసుకుపోతుంది గనుక కుర్చీనే బస్తా దగ్గరికి దొర్లించి ఒక రోజంతా పక్కన ఉంచారు. ఇరువురి మధ్య ఎలాంటి ఘర్షణా జరగలేదని రాసి, ముగ్గురు సాక్షి సంతకాలు చేశారు.

సోమవారం అందరూ భోజనాలకు వెళ్లాక నడుముగారు పరీక్ష గదిలోకి వెళ్లారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో చెయ్యని పని చేశారు. తొడుగు విప్పి, ఆ కుర్చీలో కూర్చున్నారు.

మొదటి పది నిమిషాలు హాయిగానే ఉంది. పదో నిమిషం దాటాక నడుము దిండు నడుముకు కాక పక్కటెముకకు గుచ్చుకుంది. ఇరవయ్యో నిమిషానికి సీటులో స్పాంజి అణిగిపోయి కింది ఇనుప పలక తగిలింది. ముప్పయ్యో నిమిషాన వెనక్కి వాలితే వీపు భాగం కటకటమంది. వంగి చూస్తే, వీపును పట్టుకున్న నాలుగు బోల్టుల్లో ఒకదానికి తల తప్ప ఒళ్లు లేదు, జిగురుతో అంటించి ఉంది. ఎంతసేపట్లో ఊడుతుందో చూద్దామని ఆయన కళ్లు మూసుకుని మళ్లీ వాలారు. నలభయ్యో నిమిషంలో సెక్షను అధికారి లోపలికొచ్చి, తల ఆనించుకుని ఉన్న పరీక్షకుణ్ణి చూశాడు.

విచారణ మరునాడే పెట్టారు. నడుముగారు అప్పటికే నివేదిక రాసి ఇచ్చేశారు. పక్కటెముక, స్పాంజి, బుస్సుమనే చప్పుడు, జిగురు బోల్టు, అన్నీ ఉన్నాయి. దాన్ని కమిటీ చదవలేదు, చదవడానికి ముందు తేలవలసిన విషయం ఒకటుంది.

"సూటిగా చెప్పండి," అన్నారు పెద్ద మేనేజరుగారు. "మీరు అందులో కూర్చున్నారా, లేదా?"

లేదంటే నివేదిక చిత్తు కాగితం. అవునంటే హోదాకు మించి కూర్చున్న నేరం, ఉద్యోగానికే ఎసరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పింఛనుకు ఇంకా మూడేళ్లుంది. నేల మీద వాలిపోయిన కూతురు ఆయన కళ్ల ముందు కదిలింది.

"కూర్చున్నానండి. నలభై నిమిషాలు. ఆ కుర్చీ మనిషిని పడేస్తుందండి."

పరీక్షా కార్యాలయంలో పరీక్ష జరగడం అందరికీ ఇబ్బందిగానే ఉంది. ఆయన్ను శిక్షిస్తే కారణం రాయాలి, కారణం రాస్తే బోల్టు బయటపడుతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. కమిటీ తలుపులు వేసుకుని రెండు గంటలు ఆలోచించి ఉదారమైన పరిష్కారం కనిపెట్టింది. సోమవారం మధ్యాహ్నం సరిగ్గా నలభై నిమిషాల పాటు నడుముగారు అధికారి హోదాలో ఉన్నట్టు వెనక తేదీతో పదోన్నతి ఇచ్చారు. దానితో నేరం మాఫీ అయింది. అయితే అధికారులు తమ పరీక్షా ఫలితాన్ని సొంత మాటల్లో రాయకూడదు, దానికో ఫారం ఉంది. ఫారంలో రెండే గళ్లున్నాయి. ఒకటి "బాగున్నది", రెండోది "చాలా బాగున్నది".

సంతకం పెడితే హోదా ఖాయమవుతుంది, చేతులున్న కుర్చీ వస్తుంది. పెట్టకపోతే పదోన్నతి రద్దవుతుంది, ఆ నలభై నిమిషాలూ మళ్లీ నేరమవుతాయి. నడుముగారు కలం పట్టుకుని చాలాసేపు ఆ కాగితం వంక చూశారు. చివరికి "చాలా బాగున్నది" అన్న గడిని మాత్రం ముట్టుకోకుండా, "బాగున్నది" దగ్గర టిక్కు పెట్టి పన్నెండో సంతకం చేశారు. ఆ మాత్రం నిజాయితీ మనిషిలో మిగిలి ఉండటం ఈ రోజుల్లో విశేషమే.

సాయంత్రం ఇంటికి రాగానే కూతుర్ని పిలిచారు.

"ఆ కుర్చీ వద్దమ్మా. జాబితాలో నీ పేరు కొట్టించేశాను. దాని వీపు ఊడి వస్తుంది."

పిల్ల ఆయన చెయ్యి పట్టుకుంది. ఇరవై రెండేళ్ల సర్వీసుకు అంతకంటే పెద్ద బహుమతి ఆయన ఎరగరు. కానీ అప్పటికే ఆమె ఫోనులో ఆ కుర్చీ ప్రకటన వచ్చేసింది. కింద ధ్రువపత్రం ఉంది. ఆమె దాన్ని వేలితో పెద్దది చేసి, సంతకాలన్నీ చూస్తూ కిందిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ సంతకం ఆమె బడిలో తెచ్చిన ప్రతి మార్కుల కాగితం మీదా ఉండేది.

"నాకు నువ్వున్నావు నాన్నా," అంది మెల్లగా. "మిగతావాళ్లకి ఎవరున్నారు?"

నడుముగారు సిగ్గుతో తల వంచుకున్నారు. అంతలోనే ఫోను మోగింది. తమ్ముడి కొడుకు ఆ కుర్చీ కొందామనుకుంటున్నాడట. వద్దని చెప్పారు. తరువాత మరదలు, ఆ తరువాత వియ్యపురాలు, పక్కింటివాళ్ల బావగారు. అందరికీ ఓపికగా నిజమే చెప్పారు. మరునాడు ఆఫీసుకు వెళ్లి చేతులున్న కుర్చీలో కూర్చున్నారు. దాని ఎడమ చెయ్యి వదులుగా ఉంది. బాగున్నదని రాశారు.

కుర్చీ ఇప్పుడు విపరీతంగా అమ్ముడుపోతోంది. నడుముగారి చుట్టాల్లో మాత్రం ఎవరూ కొనలేదు. ఆయన్ను తప్పుపట్టే తొందరలో ఉన్నవారు ఒక్క క్షణం ఆగాలి. మీరు ఏదైనా కొనేముందు చూసేది ముద్ర కాదని మాకూ తెలుసు. "అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారా?" అనే మీరూ అడుగుతారు. ఉంటే ఫోను చెయ్యండి, తప్పకుండా నిజం చెబుతారు. లేకపోతే దిగులు పడవలసిందేమీ లేదు. పన్నెండు సంతకాలున్నాయి, నిశ్చింతగా వెనక్కి వాలండి.