మామగారి కారులో రేకు డబ్బా

డెల్మర్ స్టూకీకి లోకంలో ఇష్టమైనవి రెండే. ఒకటి వాళ్లావిడ కారు, రెండోది తన కుర్చీ. ఆ వరసలో తను లేనని ఆర్డిత్‌కి తెలియక కాదు. తెలిసిన రోజున ఆవిడేమీ గొడవ చెయ్యలేదు. తన వరసలో మొదటి పదింటిలో డెల్మర్ లేడని చెప్పి ఊరుకుంది.

కారు అరవై అయిదు మోడలు. లేత పుదీనా రంగు. ముందు చక్రాలు ఇండియానాలో ఉంటే వెనక చక్రాలు ఇంకా ఒహాయోలోనే ఉన్నాయేమో అన్నంత పొడుగు. ఆర్డిత్ తండ్రి దాన్ని కొత్తగా కొన్నాడు, బతికినంత కాలం అదే నడిపాడు, పోయేముందు కూతురి పేర రాశాడు. ఆవిడ దాన్ని మొగుడి చేతికిచ్చింది గానీ ఒక షరతు మీద ఇచ్చింది.

"మా నాన్న ఎలా వదిలాడో అలాగే ఉండాలి డెల్మర్. ఒక్క స్క్రూ మార్చావని తెలిసిందా, తాళాలు తీసుకెళ్లి మా తమ్ముడి చేతిలో పెడతా."

ఆ తమ్ముడు ఆర్విల్, పాత కారు కనబడితే చాలు, తలుపుల మీద మంటల బొమ్మలు వేయించే రకం. పుదీనా రంగు మీద మంటలు తల్చుకుంటే చాలు, డెల్మర్ లేచి వెళ్లి గరాజు తాళం మళ్లీ చూసొచ్చేవాడు.

ఇక కుర్చీ. గళ్ల గుడ్డ కుర్చీ, పక్కన పిడి లాగితే వెనక్కి వాలుతుంది, కాళ్ల కింద మెత్త లేస్తుంది. చిరిగిన చోటల్లా వెండి రంగు టేపు. ఇప్పుడు గుడ్డకన్నా టేపే ఎక్కువ. పెళ్లికి ముందు అద్దె గదిలో ఉన్నప్పటి నుంచీ అది డెల్మర్‌తోనే ఉంది. దాన్ని బయట పారెయ్యమని ఆర్డిత్ ఎన్నోసార్లు అడిగింది. అడిగిన ప్రతిసారీ డెల్మర్ పిడి లాగి వెనక్కి వాలేవాడు. అదే జవాబు.

ఆ ఏడు కౌంటీ మైదానంలో పాత కార్ల పోటీ అన్నారు. మొదటి బహుమతి నీలం రిబ్బను. అది కావాలంటే కారు ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలా ఉండాలి. తరవాత ఎవరో తగిలించిన వస్తువు కనిపిస్తే మార్కులు పోతాయి. డెల్మర్ వసంతకాలమంతా కారు కింద వెల్లకిలా పడుకుని, ఏది ఫ్యాక్టరీదో ఏది కాదో తేల్చాడు. రేడియో ఫ్యాక్టరీదే. రంగు అద్దాలూ ఫ్యాక్టరీవే. వెనక సీటు వెనకున్న స్పీకరూ ఫ్యాక్టరీదే. అంతా బాగానే ఉంది, ఒక్క రేకు డబ్బా తప్ప.

అది రేడియో కింద బిగించి ఉండేది. ముక్కు తుడుచుకునే కాగితాలు పెట్టుకోడానికి సొరుగులాంటి డబ్బా. మామగారు అందులో కాగితాలు పెట్టిన పాపాన పోలేదు, చప్పరించే వెన్న బిళ్లలు పోసేవాడు. ఆర్డిత్ ఇప్పటికీ పోస్తుంది. కారెక్కితే ముందు సొరుగు లాగి, ఒక బిళ్ల బుగ్గన పెట్టుకుని, ఆ తరవాతే తలుపు వేస్తుంది.

డెల్మర్ దాని స్క్రూలు చూశాడు. నాలుగింటిలో ఒకటి ఇనుప కొట్లో దొరికే మామూలు రకం. ఇంకేం కావాలి? మామగారు ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ ఏదో ఒకటి బిగించే మనిషి. కక్కసు గోడకి పెన్సిలు చెక్కుకునే మర బిగించిన ఘనుడు. ఈ డబ్బా కూడా ఆయన చేతిపనే. డెల్మర్ ఒక్క స్క్రూని చూసి నాలుగింటికీ శిక్ష వేశాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఫోర్‌మన్ తనకి చేసింది అదే అని అతనికి తట్టలేదు.

ఉపాయం చిన్నదే. డబ్బా విప్పి దాచెయ్యడం, రిబ్బను తెచ్చుకోవడం, సాయంత్రం మళ్లీ బిగించెయ్యడం. ఆర్డిత్ ఆ రోజు చర్చివాళ్లతో పొద్దున్నే వెళ్లి మైదానంలో పండ్లు కూరి కాల్చిన పైలు అమ్ముతుంది కాబట్టి కారెక్కే పనిలేదు. డెల్మర్ డబ్బా విప్పాడు, లోపలి బిళ్లలన్నీ తినేశాడు, గరాజులో ఉంచితే ఆవిడ కంటబడుతుందని పాత సామాన్ల అట్టపెట్టె అడుగున దాచి, ఆ పెట్టెను కారు డిక్కీలోనే పెట్టుకుని బయల్దేరాడు. ఇంత పకడ్బందీగా తను ఏ పనీ చెయ్యలేదని దారంతా మురిసిపోయాడు.

మైదానంలో ఒక పక్కంతా పాత సామాన్ల సంత. అక్కడ పాత ఇనప సామాన్లమ్మే తుప్పు బర్నీ బల్ల మీద, తన కారు సిగరెట్టు లైటరుకి సరిపోయే అసలు సిసలు పిడి కనిపించింది. బర్నీ డబ్బొద్దన్నాడు, కారు దాకా వచ్చి డిక్కీలోకి తొంగిచూసి, ఆ పాత సామాన్ల పెట్టె ఇస్తే చాలన్నాడు. డెల్మర్ ఎగిరి గంతేసి ఇచ్చేశాడు. ఆ నిమిషంలో అతని బుర్రలో లైటరు పిడి తప్ప ఇంకో వస్తువుకి చోటు లేదు.

జడ్జి పేరు హార్లన్ పికెట్. పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం ఒకటి, టార్చి ఒకటి పట్టుకుని తిరుగుతాడు కాబట్టి అందరూ అద్దం హార్లన్ అంటారు. పెళ్లాం వండిన కూరలో కూడా అద్దం పెట్టి చూస్తాడని చెప్పుకుంటారు. అతను రేడియో కింద తల దూర్చి, ఎంతకీ తియ్యడే.

"ఇక్కడ నాలుగు చిల్లులున్నాయి" అన్నాడు చివరికి.

డెల్మర్ ముందే తయారుచేసుకున్న మాట అప్పజెప్పాడు. అవి మామగారు పెట్టిన చిల్లులనీ, పెద్దాయనకి కాస్త చాదస్తమనీ.

"మీ మామగారు పెట్టలేదు. చిల్లు అంచుల మీద కూడా రంగుంది చూడు. ముందు చిల్లు పడింది, తరవాత రంగు పడింది. ఇంట్లో పెట్టిన చిల్లయితే అంచున వట్టి ఇనుము కనపడాలి. ఇక్కడ కాగితాల డబ్బా ఉండాలయ్యా. కోరి బిగించమన్నవాళ్లకే ఫ్యాక్టరీ బిగించింది. నేను చూసి ఎన్నేళ్లయిందో. అది లేకపోతే ఈ కారు అసలుది ఎలా అవుతుంది? భోజనాలయ్యాక వస్తా, ఎక్కడుందో వెతికి పెట్టు."

డెల్మర్ నవ్వుతూ డిక్కీ తెరిచాడు. డిక్కీ ఖాళీగా ఉంది. నవ్వు అలాగే ఉండిపోయింది, దాని వెనక మనిషే లేడు.

రిబ్బను సంగతి అప్పటికే మరిచిపోయాడు. పైలు అయిపోతే ఆర్డిత్ వస్తుంది. వచ్చి కారెక్కుతుంది. ఎక్కి సొరుగు కోసం చెయ్యి చాపుతుంది. దూరంగా చర్చివాళ్ల బల్ల ముందు వరస చూశాడు. దాదాపు తరిగిపోయింది. ఈ ఊళ్లో జనం ఎప్పుడూ ఇంతే, తినొద్దనుకున్న రోజే తెగ తింటారు. కళ్ల ముందు ఆర్విల్ కనిపించాడు, చేతిలో ఎర్ర రంగు డబ్బాతో.

బర్నీ బల్ల దగ్గరికి పరిగెత్తాడు. రేకు డబ్బా నట్టనడుమ, మడతపెట్టిన తువ్వాలు మీద, పెళ్లికూతుర్లా కూర్చుని ఉంది.

"అది నాది బర్నీ. పొద్దున్న పొరపాటున ఇచ్చేశా."

"పొద్దున్న నీదే. కాదన్నానా? ఇప్పుడు నాది."

"ఎంత కావాలో చెప్పు."

"డబ్బొద్దు. ఈ మడతకుర్చీ మీద కూచుని కూచుని నా నడుం పడిపోయింది. మీ ఇంట్లో వెనక్కి వాలే కుర్చీ ఏదో ఉందటగా."

డెల్మర్ అది ఇచ్చేది కాదన్నాడు. బర్నీ తల పంకించి, ఇదీ అంతేనన్నాడు. డెల్మర్ చర్చివాళ్ల బల్ల వైపు చూశాడు. వరసలో ఒక లావుపాటాయన, ఒక ముసలావిడ మిగిలారు. అడక్కముందే బర్నీ తన ట్రక్కు తాళాలు విసిరాడు.

ఇంటికెళ్లి కుర్చీని ఒక్కడే బయటికి ఈడ్చుకొచ్చాడు, తాగి పడిపోయిన స్నేహితుణ్ణి ఇల్లు చేర్చినట్టు. ట్రక్కులో ఎక్కిస్తుంటే పిడి తగిలి కాళ్ల మెత్త లేచి కడుపులో తన్నింది. దాని కోపం దానిది.

డబ్బా చేతికి రాగానే కారులో తలకిందులుగా దూరి బిగించాడు. స్క్రూడ్రైవరు జారి వేలు చీరుకుంది, మోకాలు హారను మీద పడి మైదానమంతా తిరిగి చూసింది. ఆఖరి స్క్రూ బిగిసేసరికి అద్దం హార్లన్ బూట్లు కనిపించాయి.

హార్లన్ అద్దం పెట్టి చూశాడు, టార్చి వేసి చూశాడు, గొణుక్కున్నాడు. తరవాత సొరుగు లాగి, అందులోంచి ఒక వెన్న బిళ్ల తీసి నోట్లో వేసుకుని, నీలం రిబ్బను కారు అద్దానికి కట్టి వెళ్లిపోయాడు.

డెల్మర్ రిబ్బను వైపు చూడలేదు. సొరుగు వైపే చూస్తున్నాడు. సొరుగు నిండా బిళ్లలు. తనే కదా అన్నీ తినేసింది. అప్పుడు అనుమానం వచ్చింది, తన కుర్చీ వెనక్కి వాలుతుందని తుప్పు బర్నీకి ఎవరు చెప్పారని.

తలుపు తెరుచుకుంది. ఆర్డిత్ ఎక్కి, ఒక బిళ్ల బుగ్గన పెట్టుకుని, తలుపు వేసింది.

"బర్నీ పొద్దున్నే పండ్ల పై కోసం వచ్చాడు" అంది. "మంచి వస్తువు దొరికిందని చూపించాడు. సొరుగు లోపల నేను చిన్నప్పుడు పిన్నుతో గీసిన పేరు అలాగే ఉంది."

"ఆర్డిత్, నేను చెప్పేది..."

"చెప్పొద్దు. వేలికి కట్టు కట్టుకో, సీటు మీద రక్తం పడితే అది ఫ్యాక్టరీది కాదు."

"తాళాలు ఆర్విల్‌కి ఇస్తావా?"

"ఎందుకిస్తాను? కారు మా నాన్న వదిలినట్టే ఉందిగా."

గేటు దగ్గర బర్నీ కుర్చీలో వెనక్కి వాలి, చేతిలో పండ్ల పై పళ్లెంతో, కాళ్లు ఆకాశానికి చాపి కనిపించాడు. చెయ్యి ఊపాడు. ఆర్డిత్ ఊపింది.

ఇంటికొచ్చాక డెల్మర్ కుర్చీ ఉండే మూల నిలబడ్డాడు. కార్పెట్ మీద నాలుగు గుంటలు. టార్చి తెచ్చి మోకాళ్ల మీద వంగాడు.

"ఇటు చూడు, చుట్టూ కార్పెట్ రంగు వెలిసిపోయింది, గుంటల్లో కొత్తగా ఉంది. అంటే ఈ ఇంట్లో కుర్చీ మొదట్నుంచీ ఉన్నట్టే కదా. ఒరిజినలే కదా అది."

ఆర్డిత్ వంటింట్లోకి వెళ్లి నాలుగు ఐసు ముక్కలు తెచ్చింది. ఒక్కో గుంటలో ఒక్కోటి పెట్టింది. టీవీ పెట్టుకుని సోఫాలో కూర్చుని, బిళ్ల ఒకటి చప్పరిస్తూ వార్తలు చూసింది. ఐసు మెల్లగా కరిగింది. అణిగిన నూలు తడిసి, ఒక్కొక్క పోగే లేచి నిలబడింది. ఆవిడ వచ్చి వేళ్లతో దువ్వింది.

డెల్మర్ మళ్లీ టార్చి వేసి చూశాడు. ఇప్పుడు అద్దం హార్లన్ వచ్చినా, ఇక్కడ ఎప్పుడూ ఏమీ లేదనే రాస్తాడు.