అరుంధతి, ఒరిజినల్ ఒకటి

భార్య దగ్గరికి వెళ్లే వీసాకు పెళ్లి ఫోటోలతోపాటు పెళ్లి జ్ఞాపకాల ఒరిజినల్స్ కూడా జతచేయాలన్న నిబంధన ప్రకారం, కాకినాడ మార్కండేయులు తన పెళ్లిచూపులను మంగళవారం ఉదయం పదకొండింటికి ఆరో నంబరు కౌంటర్లో అప్పగించాడు.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, జరిగింది జరిగినట్టు ఖాకీ కవరులోకి చెప్పాలి. చెప్పడం అయ్యాక గుమాస్తా కవరు అంటించి, లక్క ముద్ర వేసి, రసీదు రాసిస్తుంది. లేచి నిలబడేసరికి ఆ సంగతి మనిషిలో ఉండదు. జిరాక్స్ చెల్లదని గోడమీద మూడు భాషల్లో రాసి ఉంది. మార్కండేయులు రసీదు చూసుకున్నాడు. "పెళ్లిచూపులు, ఒకటి. కాఫీలో పంచదార తక్కువ" అని ఉంది. ఓహో, కాఫీ ఇచ్చారన్నమాట అనుకుని, దాన్ని ఫైల్లో పెట్టుకుని బస్టాండుకు నడిచాడు.

అతను కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తాడు. రోజంతా జనాన్ని అక్షరాల అట్ట ముందు కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇప్పుడు కనిపిస్తోందా?" అని అడగడమే పని. భార్య హైమ సముద్రాల అవతల ఒక చలిదేశంలో నర్సు. పెళ్లయిన పదకొండు నెలలకే ఉద్యోగం వచ్చి వెళ్లింది. అక్కడ స్థిరపడే కాగితం చేతికి రాగానే మొగుణ్ని పిలిపించుకోవడానికి దరఖాస్తు పెట్టింది. పదకొండు నెలల కాపురం కాబట్టి చూపించడానికి సరుకు కూడా అంతే ఉంది.

"ఉన్నదంతా ఇచ్చేయండి మాస్టారూ, ఏదీ అట్టేపెట్టుకోకండి" అన్నాడు మెయిన్ రోడ్డు కన్సల్టెంటు ప్రకాశం. "దాచుకున్నారని తెల్సిందనుకోండి, జీవితాంతం బ్యాన్. ముందు గొడవలియ్యండి. దొంగ పెళ్లిళ్లోళ్లు ముద్దూ ముచ్చటా పుట్టించగలరు గానీ గొడవ పుట్టించలేరండి."

మార్కండేయులు మొదటి గొడవ ఇచ్చాడు. రసీదు వచ్చింది: "గొడవ, ఒకటి. పులుసులో బెల్లం." తర్వాత సర్దుబాటు, అన్నవరం ప్రయాణం, ఆమెకు జ్వరం వచ్చిన వారం, చివరికి పెళ్లి వీడియో కూడా ఇచ్చేశాడు. అక్కడ హైమ కూడా తన వంతు ఇస్తూ వచ్చింది. వారానికి రెండు ఫోన్లు తప్పనిసరి. మానేస్తే కాపురం ఆగిపోయినట్టు రాసుకుంటారు. ఆ మాటలూ, ఫోన్లో కనబడిన మొహాలూ కూడా సాక్ష్యమే కాబట్టి ప్రతి శుక్రవారం అవీ ఫైలుకు చేరిపోయేవి.

"భోంచేశారాండీ?" అంది హైమ ఒకరోజు.

"ఆఁ. మీరు?" అన్నాడు. పెళ్లాన్ని నువ్వు అనేవాడో మీరు అనేవాడో ఏదో కవరులో వెళ్లిపోయింది. మీరు అంటే ఎవరికీ కోపం రాదు కదా అని అలా కానిచ్చాడు.

హైమ గొంతు తగ్గించింది. "ఏవనుకోకండేం. మీ ఫైలు నంబరు ఓసారి చెబుతారా? మీరేనో కాదో తెలియాలి కదండీ."

చెప్పాడు. అవతల కాగితం తిప్పిన చప్పుడైంది. "ఆఁ, సరిపోయిందండీ" అంది హైమ, ఊపిరి పీల్చుకుని. తర్వాత ఇద్దరూ రసీదులు తీసి ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు. పులుసు రసీదు దగ్గర నవ్వాలని ఇద్దరికీ అనిపించింది. నవ్వారు కూడా. ఫోను పెట్టేశాక మార్కండేయులుకు నిజంగా భయం వేసింది.

అందుకే, చివరగా పెళ్లి ఇచ్చేటప్పుడు అందులోంచి ఒక్కటి దాచుకున్నాడు.

వాళ్ల పెళ్లి పట్టపగలు పన్నెండింటికి. తలపైన షామియానా. పురోహితుడు వేలు చూపించి, "అదిగో అరుంధతి, కనిపించిందా అమ్మా?" అన్నాడు. ఆ వేలు వెళ్లిన చోట మునిసిపాలిటీ నీళ్ల ట్యాంకు ఉంది. హైమ కొంగు అడ్డం పెట్టుకుని, "నాకేం కనబడట్లేదండీ. మీకో?" అని గొణిగింది. "నాకూ లేదు. కనిపించిందని చెప్పేద్దాం" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి కనిపించిందన్నారు. పెద్దవాళ్లు అక్షింతలు వేశారు. కాపురంలో వాళ్లిద్దరికీ మాత్రమే తెలిసిన మొదటి సంగతి అది. ఇది ఉన్నంతవరకు హైమ తనకు తెలిసిన మనిషేనని అతని ధైర్యం.

అయిదు నెలలకు ఇంటర్వ్యూకు పిలిచారు. అద్దం వెనక అధికారి నేర్చుకున్న తెలుగులో చాలా మర్యాదగా అడిగాడు. "పెళ్లిలో మీకు నక్షత్రం చూపించారు. కనిపించిందా?"

అధికారి చేతి దగ్గర విప్పిన కవరు ఒకటి ఉంది. మీద హైమ సంతకం, పోయిన నెల తేదీ. ఆమె కూడా ఇదే దాచుకుని, భయపడి ఇచ్చేసిందన్నమాట. మార్కండేయులు లెక్క వేసుకున్నాడు. కనిపించిందంటే ఆమె చెప్పినదానికి పొంతన కుదరదు, పెళ్లి దొంగదవుతుంది. గుర్తులేదంటే, రసీదు లేకుండా ఎలా మరిచిపోయావంటారు, అప్పుడూ పెళ్లి దొంగదే. కనిపించలేదంటే దాచుకున్నట్టు.

"లేదండి" అన్నాడు. "ఇద్దరికీ కనిపించలేదు."

"చాలా సంతోషం. అడగగానే చెప్పారు కాబట్టి బ్యాన్ ఉండదు" అని అధికారి ఖాళీ కవరు ఒకటి అద్దం కిందనుంచి తోశాడు. "ఇవ్వడం మీ ఇష్టం. ఇవ్వకపోతే ఫైలు మూసేస్తాం."

ఇవ్వకుండా ఇంటికి వెళ్లిపోతే హైమ గుర్తుంటుంది, హైమ ఉండదు. ఇస్తే హైమ ఉంటుంది. కవరు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఏడుపు వచ్చింది. వెనక లైనులో వాళ్లు, త్వరగా కానివ్వండి సార్, అధికారికి భోజనం వేళయింది అన్నారు. కళ్లు మూసుకుని, నీళ్ల ట్యాంకు దగ్గరనుంచి మొదలుపెట్టి, అంతా చెప్పేశాడు.

రసీదు మీద "అరుంధతి, ఒరిజినల్ ఒకటి" అని ఉంది. ఎవరో బంధువుల అమ్మాయి పేరు కాబోలు అనుకున్నాడు.

వీసా పది రోజుల్లో వచ్చింది. దానితోపాటు ఒక ఉత్తరం. భార్యాభర్తలిద్దరూ రెండేళ్లు కలిసి ఉన్నట్టు రుజువులు సమర్పిస్తే పాత కవర్లు తిరిగి ఇచ్చే విషయం పరిశీలిస్తామని, ఆ రుజువులు కూడా ఒరిజినల్సే అయి ఉండాలని అందులో ఉంది. ప్రకాశం స్వీట్ల డబ్బా అందుకుని, "అదృష్టవంతులండి మాస్టారూ" అన్నాడు. మార్కండేయులు కూడా అలాగే అనుకున్నాడు.

చలిదేశం విమానాశ్రయంలో చివరి కౌంటరు. పొడుగాటి అద్దం అవతల స్వెట్టర్లు వేసుకున్న ఆడవాళ్లు వందమంది దాకా నిలబడి ఉన్నారు. కొందరి చేతుల్లో రసీదుల ఫైళ్లు ఉన్నాయి. ఉద్యోగి పాస్‌పోర్టు తెరిచి, వేలితో అద్దం వైపు చూపించాడు.

"మీ భార్య అక్కడున్నారు. కనిపిస్తున్నారా?"

మార్కండేయులు ఆ వేలు వెళ్లిన వైపు చూశాడు. ఒక్క మొహం కూడా తెలిసింది కాదు. షాపులో అట్ట ముందు కూర్చుని, అక్షరం ఆనకపోయినా సిగ్గుపడి ఆనిందని చెప్పేవాళ్లను వేలమందిని చూశాడతను. వాళ్లు తొందరపడి చెబుతారు, అక్కడే దొరికిపోతారు. అందుకని కాస్త ఆగి, కళ్లు చికిలించి, చిన్నగా నవ్వాడు.

"ఆఁ, కనిపిస్తోందండి" అన్నాడు.

అద్దం అవతల ఇంకో ఉద్యోగి ఒక స్త్రీకి ఇటువైపు వేలు చూపించి ఏదో అడుగుతున్నాడు. ఆమె కూడా కాస్త ఆగి, తల ఊపింది. రెండు ముద్రలూ ఒకేసారి పడ్డాయి.